బొగ్గు ప్రాంతంలో తీరిక: ప్రకృతి పర్యాటక పరిశోధనా పద్ధతులపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం: బహిరంగ వినోదం, ప్రకృతి పర్యాటకం, వన్యప్రాణి నిర్వహణలను కలిపి చూసే సామాజికశాస్త్ర పరిశోధన చాలావరకు ‘సందర్శకుణ్ణి’ ప్రమాణంగా తీసుకొని ఎదిగింది. రామగుండం, గోదావరిఖని ప్రాంతానికి ఆ ప్రమాణాన్ని యథాతథంగా వర్తింపజేస్తే ఏయే జీవితాలు లెక్కలోకి రాకుండా పోతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సింగరేణి, తీరిక, ప్లేడే, ఓపెన్‌కాస్ట్, ప్రకృతి పర్యాటకం, కవ్వాల్.

1. టికెట్టు దగ్గర మొదలయ్యే ప్రశ్న

2022 చివర్లో తెలంగాణ ఆర్టీసీ ‘సింగరేణి దర్శన్’ పేరిట బొగ్గు గనుల విహారయాత్రను ప్రవేశపెట్టింది. అంతకుముందే, 2016లో, నాగపూర్ జిల్లా సావనేర్‌లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ ఎకో పార్కును, గని పర్యాటకాన్ని ఆరంభించింది. గని మూతపడ్డాక నేలను ఏం చేయాలన్న ప్రశ్నకు ‘పార్కు’ అన్న జవాబు నేడు దాదాపు సిద్ధంగా దొరుకుతుంది. జవాబు సిద్ధంగా ఉన్నచోట పరిశోధన పని సులువవుతుంది. ఎంతమంది వచ్చారు, ఎంత దూరం నుంచి వచ్చారు, తృప్తి చెందారా, ఇంకెంత చెల్లించడానికి ఇష్టపడతారు అని అడిగితే చాలు. ఈ ప్రశ్నలు తప్పని కాదు. అయితే ఇవి టికెట్టు కొన్న మనిషితో మొదలై అతనితోనే ముగుస్తాయి. గోదావరి ఒడ్డుకు సాయంత్రం నడిచివెళ్ళే రిటైర్డు కార్మికుడు ఈ పరిశోధనలో ‘సందర్శకుడు’ కాడు. అతని రాకపోకలను నమోదు చేసే కౌంటరేదీ లేదు.

ఇది ఒక్క తెలంగాణలో జరుగుతున్న పొరపాటు కాదు. ఈ శాస్త్రశాఖ పుట్టుకలోనే ఆ మొగ్గు ఉంది. 1964లో వాగర్ అడవుల ‘ధారణశక్తి’ గురించి రాసినప్పుడు గానీ, 1979లో క్లార్క్, స్టాంకీలు వినోదావకాశాల వర్ణపటాన్ని రూపొందించినప్పుడు గానీ వారి ముందున్నది అమెరికా ప్రభుత్వ అటవీభూమి. అక్కడికి సెలవుల్లో కారెక్కి వచ్చే మధ్యతరగతి కుటుంబం వారి నమూనా మనిషి. ఆ అడవి వేరెవరి ఊరో అయి ఉండవచ్చునన్న ఆలోచనకు ఆ నమూనాలో చోటు లేదు. 1989లో రామచంద్ర గుహ అమెరికా అటవీ సంరక్షణవాదాన్ని మూడవ ప్రపంచం వైపు నుంచి విమర్శించి మూడున్నర దశాబ్దాలు గడిచాయి. ఆ విమర్శను మన విశ్వవిద్యాలయాల్లో పాఠంగా చెప్తారు. ప్రశ్నావళి తయారుచేసేటప్పుడు మాత్రం పక్కన పెడతారు.

2. ప్లేడే

సింగరేణిలో వారాంతపు సెలవును ‘ప్లేడే’ అంటారు. ఆ రోజు డ్యూటీకి వెళ్తే రెట్టింపు వేతనం. కాబట్టి కార్మికవాడలో ‘ప్లేడే దొరికింది’ అంటే ఆటవిడుపు దొరికిందని అర్థం కాదు, పని దొరికిందని అర్థం. ప్లేడేలు తగ్గించారంటే కార్మిక సంఘాలు నిరసన తెలుపుతాయి. ఆట అన్న మాట పేరులోనే ఉన్న రోజు అదనపు శ్రమకు కొలమానంగా మారిన చోట, తీరిక గురించి ఏ సిద్ధాంతమైనా ముందుగా ఈ మాటతోనే తలపడాలి. డ్యూమజెడియే 1962లో తీరికను విశ్రాంతి, వినోదం, వికాసం అని మూడు ప్రయోజనాలుగా విడదీశాడు. మూడింటికీ పనినుంచి స్పష్టంగా వేరుపడిన సమయం కావాలి. ప్లేడే ఆ స్పష్టతనే ఒప్పుకోదు. దానికంటే, గడియారపు కాలానికి శ్రమక్రమశిక్షణకు ఉన్న సంబంధంపై ఇ.పి. థాంప్సన్ 1967లో చేసిన చర్చ ఇక్కడ ఎక్కువ ఉపయోగపడుతుంది.

గని మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. రాత్రి షిఫ్టు చేసివచ్చినవాడు పగలు నిద్రపోతాడు. వాడ మొత్తం ఆ నిద్ర చుట్టూ గొంతు తగ్గించుకుంటుంది. పిల్లల ఆట బయటికి పోతుంది, ఇంటి ఆడవారి తీరిక ఇంకా చిన్న ముక్కలవుతుంది. దీనికి ఎండ తోడు. మే నెలలో రామగుండంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం అరుదు కాదు. అక్కడ బహిరంగ వినోదం అనదగిందేదైనా తెల్లవారుజామున, పొద్దుగూకిన తరువాత జరుగుతుంది. పరిశోధక విద్యార్థి ప్రశ్నావళి పట్టుకొని తిరిగే సమయం ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు. ఆ సమయంలో పార్కులో దొరికేవారు ఎవరో ఊహించడం కష్టం కాదు. ‘స్థానికులకు ప్రకృతిపై ఆసక్తి తక్కువ’ అన్న నిర్ధారణ ఇటువంటి పనివేళల నుంచి సులభంగా పుడుతుంది.

తెలుగు సాహిత్యం ఈ విషయంలో కొంత ముందుంది, కొంత వెనకబడింది. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ వంటి కథకులు బొగ్గు బాయి శ్రమను, సమ్మెను, ప్రమాదాన్ని నమోదు చేశారు. కార్మికుని పనికాలం గురించి సామాజికశాస్త్రవేత్తలకంటే వారే ఎక్కువ చెప్పారు. విమర్శకులు మాత్రం ఆ రచనల్లో పోరాటాన్ని వెతికినంతగా తీరికను వెతకలేదు. ఆ కోణంలో చేసే పునఃపఠనం క్షేత్రపరిశోధనకు మంచి పూర్వరంగం కాగలదు.

3. కదిలే నేల

వినోదావకాశాల వర్ణపటం ఒక ప్రదేశాన్ని ఒక గడిలో పెడుతుంది. ఒక కొసన మనిషి జాడలేని అడవి, మరో కొసన నగర ఉద్యానం, మధ్యలో దారులు, వాహనాలు, పల్లెలు. నిర్వాహకుడు ఏ గడిలో ఏ సౌకర్యం ఉండాలో నిర్ణయిస్తాడు. ఈ చట్రానికి ఒక నిశ్శబ్ద షరతు ఉంది: నేల ఉన్నచోటనే, ఉన్నట్టుగానే ఉండాలి. రామగుండంలో 1970ల నుంచి ఓపెన్‌కాస్ట్ తవ్వకం విస్తరించింది. అక్కడ ఒకే నేల ఒక మనిషి జీవితకాలంలోనే చెలక, ఊరు, లోతైన గుంత, మట్టికుప్ప, మొక్కల తోట, నీటిమడుగు కాగలదు. వర్ణపటం స్థలంలో పరచుకోలేదు, కాలంలో పరచుకుంది. పచ్చబడ్డ ఓబీ కుప్పను చూసి బయటివాడు ‘సహజమైన గుట్ట’ అనుకొని ఎక్కువ మార్కులు వేస్తాడు. అదే కుప్ప కింద తన ఊరి చెలక ఉందని తెలిసినవాడు ఆ ప్రశ్నకు ఏ మార్కు వేయాలి? ఐదు గడుల కొలబద్దలో ఆ జవాబుకు చోటు లేదు.

రామగుండం పేరుకు మూలమని చెప్పే రాముని గుండాలు నేటికీ జనం వెళ్ళే గుట్ట. గోదావరిఖని నది ఒడ్డున రెండేళ్ళకోసారి సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. ఇవి భక్తి, విహారం, బంధువుల కలయిక, వంట, నదీస్నానం విడదీయరాకుండా ముడిపడ్డ బహిరంగ జీవితం. మన పరిశోధన వీటిని ‘ఆధ్యాత్మిక పర్యాటకం’ గడిలో వేసి, ‘ప్రకృతి పర్యాటకం’ గడిని పార్కుకు కేటాయిస్తుంది. నది మాత్రం ఈ విభజనను పట్టించుకోదు. సుందిళ్ళ బ్యారేజీలో నీరు నిలిపినప్పుడు గోదావరిఖని దగ్గర ఒడ్డుదాకా నీరు. 2023 అక్టోబరులో మేడిగడ్డ కుంగిన తరువాత బ్యారేజీలు ఖాళీ చేయడంతో మళ్ళీ ఇసుక. ఎన్టీపీసీ జలాశయంపై 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్ కేంద్రం దాదాపు 500 ఎకరాల్లో పరచుకుంది. దానిని ఇంధన పరిశోధకులు చర్చించారు. ఒక పట్టణం చూపుకు అందే నీటి వైశాల్యం మారిందన్న కోణంలో చర్చించవలసినవారు ఈ శాఖవారే.

జర్మనీ రూర్ లోయతో పోలిక ఈ సందర్భంలో తరచుగా వినిపిస్తుంది. అక్కడ జోల్‌వెరైన్ గని 1986లో మూతపడింది, 2001లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఆ పార్కు గని మరణానంతరం వచ్చింది. సింగరేణిలో పార్కు, తవ్వకం పక్కపక్కనే నడుస్తున్నాయి. 1990ల ఆరంభంలో లక్షకు పైబడిన కార్మికుల సంఖ్య నేడు నలభై వేల చుట్టూ ఉంది. పని పోయినవారి పట్టణంలో వినోదస్థలం వేరు, పని తగ్గుతూ తవ్వకం పెరుగుతున్న పట్టణంలో వినోదస్థలం వేరు. రూర్ నుంచి భవననిర్మాణ పాఠాలు తెచ్చుకోవచ్చు. సందర్శకుల లెక్కలు తెచ్చుకుంటే మాత్రం అవి ఇక్కడ అతకవు.

4. పులిని ఎవరు భరించాలి?

వన్యప్రాణి నిర్వహణలో 1988లో డెకర్, పర్డీలు ప్రతిపాదించిన ‘వన్యప్రాణి ఆమోదసామర్థ్యం’ అన్న భావన ఎంతో ప్రచారం పొందింది. ఒక జంతువు ఎంత సంఖ్య వరకు ఉంటే చుట్టుపక్కల జనం ఒప్పుకుంటారో అది కొలుస్తుంది. రామగుండం ఉత్తరాన, గోదావరి దాటితే, ఈ భావనకు కఠినమైన పరీక్ష ఎదురవుతుంది. కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యమైంది. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుంచి పులులు వచ్చే దారులు ఆసిఫాబాద్, మంచిర్యాల జిల్లాల మీదుగా సాగుతాయి. మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు ప్రాంతాలు కూడా ఆ జిల్లాల్లోనివే. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడిలో ఇద్దరు యువ ఆదివాసులు చనిపోయారు.

ఆ పల్లెల్లో ‘పులి పట్ల మీ వైఖరి ఏమిటి?’ అని అడిగే సర్వే భయాన్ని అంకెగా మార్చి ‘సహనం తక్కువ’ అని రాస్తుంది. పులి దారిని ముక్కలు చేసిన గనులు, రోడ్లు, రైలుమార్గాల యజమానుల సహనాన్ని ఎవరూ కొలవరు. పత్తి చేనులో పనిచేసే మనిషి భరించాలి, బొగ్గు రవాణా మాత్రం భరించనక్కరలేదు అన్న అసమానత ప్రశ్నావళి నిర్మాణంలోనే దాగి ఉంది. 2025 మే నెలలో ప్రభుత్వం జీవో 49 ద్వారా కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వును ప్రకటించింది. ఆదివాసుల నిరసనతో జూలైలో దానిని నిలిపివేసింది. ఆ నిరసనను ‘వన్యప్రాణి వ్యతిరేక వైఖరి’గా కోడ్ చేసే పరిశోధకుడు 2006 అటవీహక్కుల చట్టాన్ని చదవనట్టే లెక్క. వాళ్ళు ప్రశ్నించింది పులి ఉనికిని కాదు, నేలపై నిర్ణయాధికారాన్ని.

గోదావరి ఒడ్డునే ఉన్న శివ్వారం మొసళ్ళ అభయారణ్యం ఇంతకంటే నిశ్శబ్దమైన ఉదాహరణ. దాదాపు 30 చదరపు కిలోమీటర్ల ఆ ప్రాంతాన్ని పర్యాటకపత్రాలు ‘చూడదగ్గ ప్రదేశం’గా పేర్కొంటాయి. చేపలవేట, పశువుల మేత, ఇసుక, బ్యారేజీల నీటిమట్టం అన్నీ కలిసే ఆ రేవుల్లో మొసలికీ మనిషికీ మధ్య సర్దుబాటు ఎలా నడుస్తోందో తెలిసినవారు మత్స్యకారులు. వారి దగ్గరకు వెళ్ళేది ఉదయం పది తరువాత కాకూడదు.

5. కొలత మారవలసిన చోట

కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ గని మూసివేత మార్గదర్శకాలను 2009లో జారీచేసి 2013లో సవరించింది. ప్రతి గనికీ మూసివేత ప్రణాళిక, దానికోసం ఎస్క్రో ఖాతాలో నిధి ఉండాలి. ఆ నిధితో గుంత చెరువవుతుందా, మేతభూమి అవుతుందా, టికెట్టు పార్కు అవుతుందా అన్నది సాంకేతిక నిర్ణయంగా కనిపిస్తుంది. ‘ప్రజల అవసరం’ అన్న శీర్షిక కింద ఏదో ఒక సర్వే చేరుతుంది. ఆ సర్వేలో సందర్శకుని తృప్తి మాత్రమే ఉంటే పార్కే గెలుస్తుంది, ఎందుకంటే మేతభూమికి సందర్శకులుండరు.

కాబట్టి రామగుండంపై పనిచేసే పరిశోధకుడు నమూనాను గేటు దగ్గర కాక షిఫ్టుల వారీగా తీయాలి. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు చేసేవారిని, కాంట్రాక్టు కార్మికులను, రిటైరైనవారిని, భూమి కోల్పోయి పునరావాస కాలనీల్లో ఉన్నవారిని వేర్వేరు వర్గాలుగా చూడాలి. ప్రతి వర్గంలోనూ స్త్రీల కాలపట్టికను విడిగా రాయాలి. అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఎక్కడికి వెళ్తారు?’ అని కాదు. ఇరవై ఏళ్ళ క్రితం వెళ్ళిన చోటు ఇప్పుడు ఏమైందని అడగాలి. ఆ జవాబులను గని పటాలపై వేయాలి. వీలైతే ఒక ప్లేడే నాడు, డ్యూటీ దొరికినవాడి ఇంట్లోనూ దొరకనివాడి ఇంట్లోనూ ఒకేసారి మొదలుపెట్టాలి.