వృద్ధవరుని మరణము: కొన్ని పాత మరాఠీ, హిందీ చిత్రకథల విమర్శ

పాత మరాఠీ, హిందీ చిత్రములతో గోదావరిఖనిలో కాపురముండు తెలుగువానికి ఏమి పని యని కొందరు చదువరులు అడుగవచ్చును. పని గలదు. 1956 వరకు మన కరీంనగరమును, నాందేడు, పర్భణీ, ఔరంగాబాదు, బీడు, ఉస్మానాబాదు జిల్లాలును ఒక్క హైదరాబాదు రాష్ట్రములోనివే. బల్లార్షానుండి కాజీపేటకు పోవు రైలు రామగుండము మీదుగనే సాగును. బొగ్గుబావులలో పనికి వచ్చినవారిలో ఆవలిగట్టు మరాఠీలును గలరు, హిందీ మాటలాడు ఉత్తరదేశీయులును గలరు. ఒకే వరుస క్వార్టర్లలో మూడు భాషలు వినబడు ఊరు మాది. అంతేకాక, హిందీ చిత్రముల తొలితరము కథానాయకులలో నొకడైన పైడి జైరాజు (1909–2000) కరీంనగరమున పుట్టినవాడే. ఆయన ప్రసక్తి ముందు రాగలదు.

మా వీధిలో కొన్ని కుటుంబములవారము ఆదివారము సాయంకాలము ఒక యింట చేరి పాతచిత్రము నొకదానిని చూచు అలవాటు చేసికొన్నాము. స్త్రీలే యెక్కువగా వత్తురు. ఆ వరుసలో ఒకనాడు ‘దునియా న మానే’ చూచితిమి. పూనాలోని ప్రభాత్ ఫిల్ము కంపెనీవారు 1937లో వి. శాంతారాం దర్శకత్వమున ఒకే కథను రెండు భాషలలో తీసిరి. మరాఠీలో దానికి ‘కుంకూ’ అని పేరు. నారాయణ హరి ఆప్టే రచించిన ‘న పటణారీ గోష్ట’ అను నవల దానికి మూలము.

కథ తెలియనివారికొరకు నాలుగు మాటలు. పెంచినవారు మోసపుచ్చి నీరా యను పడుచును (హిందీలో నిర్మల) కాకాసాహెబను వృద్ధునకు కట్టబెట్టుదురు. అతడు భార్య చనిపోయినవాడు. ఆమె యీడు బిడ్డలు గలవాడు. పెండ్లి యైనది గాని తాను భార్యను కానని ఆ పిల్ల నిలుచును. ఏడ్చుట కొంచెము, ఎదిరించుట యెక్కువ. కన్నుమిన్ను గానక మీదికి వచ్చిన సవతికొడుకును బెత్తముతో కొట్టును. వృద్ధుని కుమార్తె, సంఘసేవకురాలు, ఆమె పక్షమున నిలుచును. కడకు కాకాసాహెబునకు కన్ను తెరవబడును. అతడు ఆత్మహత్య చేసికొని, తగినవానిని పెండ్లాడుమని నీరాకు చెప్పిపోవును.

ఈ చిత్రమును మేము చాల యేండ్లుగా మెచ్చుకొనుచున్నాము, మెచ్చుట మానబోము. వెనుకనుండి వాద్యఘోష లేదు. ఇంటిలో సహజముగా పుట్టు చప్పుళ్లే వినబడును. పాత గోడగడియారము వృద్ధుని బ్రతుకునకు గుర్తుగా కొట్టుకొనుచుండును. కేశవరావు దాతే ఆ వృద్ధుని రాక్షసునిగా చూపలేదు. మీసములకు రంగు పూసికొని అద్దము ముందు నిలిచిన వానిని చూచి నవ్వు వచ్చును, వెంటనే జాలియు కలుగును. శాంతా ఆప్టే కంఠములోని కరకుదనము ఆ నాటి నటీమణులలో మరియొకరియందు మేము వినలేదు. ఆమె 1939లో తన సంస్థతోనే వివాదము వచ్చి స్టూడియో వాకిట నిరాహారదీక్షకు కూర్చుండెను. కథలోని నీరాకు కంపెనీ వేతనము ముట్టెను గాని, ఆ పట్టుదల మాత్రము నటిదే యని తోచును.

చిత్రము ముగిసినది. అందరును కండ్లు తుడుచుకొనుచుండిరి. ఒక ముసలమ్మ, బావిలో చిరకాలము పనిచేసి దిగిపోయిన కార్మికుని భార్య, మావైపు తిరిగి యడిగెను: “గా ముసలోడు సచ్చిండు గాబట్టి పిల్ల బయటపడ్డది. సావకపోతే ఏంది సారూ?”

మేము ఆ కాలపు ఆచారముల సంగతి యేమో చెప్పబోతిమి. ఆమె వినక, “మా కులంల అయితే పెద్దమనుషులను కూసోబెట్టి తెంపులు జేస్తుండిరి. పిల్ల మారుమనువు పోతుండె. ఎవ్వలు సావనక్కర లేకుండె” అనెను.

ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. వృద్ధుని మరణము త్యాగమని అదివరకు మేము పిల్లలకు చెప్పుచుండినాము. అది కథకుని అక్కర యని ముసలమ్మ ప్రశ్నతో తెలిసెను. 1856లోనే వితంతువు మరల పెండ్లాడుటకు చట్టము వచ్చినది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిరి. కాబట్టి ‘కుంకూ’ వెలువడునాటికి, మగడు చచ్చిన స్త్రీకి ధైర్యమున్నచో చట్టము అడ్డు కాదు. మగడు బ్రతికియున్న స్త్రీ మాట వేరు. విడిపోవు ఆచారమున్న కులములకు తప్ప, హిందూస్త్రీకి ఆ త్రోవ మూసియుండెను. బరోడా సంస్థానములో మాత్రము 1931లో విడాకుల చట్టము చేసిరి. బొంబాయి రాష్ట్రములో 1947లోను, మద్రాసు రాష్ట్రములో 1949లోను వచ్చినది. దేశమంతటికిని హిందూ వివాహచట్టము 1955లో వచ్చినది. ఇక కథకు డేమి చేయగలడు? నీరాను విడిపింపవలెనన్నచో ఆమెను విధవను చేయక తప్పదు. సంస్కర్తలు అరువది యేండ్లు పోరాడి తెరచిన వాకిలి విధవావాకిలి యొక్కటే. ఆ వాకిటిలోనుండి పోవుటకు మగడు చావవలెను. బొట్టు పేరుతో తీసిన కథలో బొట్టు తుడిచిననే గాని నాయికకు స్వేచ్ఛ రాలేదు.

ఇంత మాత్రమున శాంతారామును నిందింపము. 1937లో లేని చట్టమును అతడు తేలేడు. మా ఫిర్యాదు చూచు మనమీద. కాకాసాహెబు చావగానే మనకు భారము దిగినట్లుండును. తప్పు చేసినవాడు తానే శిక్ష విధించుకొనెను. పిల్లకు అనుమతియు వాడే యిచ్చెను. పెంచినవారిని, పెండ్లి చేయించినవారిని, పీటలమీద అక్షింతలు చల్లిన మనలను ఎవరును ఏమియు అడుగలేదు. ఆ అనుమతి పత్రము లేకున్నచో నీరాపక్షమున నిలువగల పొరుగువారు చిత్రములో ఎంతమంది గలరో చదువరులు లెక్కింపవలెను. సవతికూతు రొక్కతెయే మాకు కనబడినది.

ఇచట మా తప్పు నొకటి చెప్పవలసియున్నది. ఈ సీమలో బావికొలువున్న వరునకు వయసు అడుగరు. జీతము గలదు, క్వార్టరు గలదు, వైద్యము గలదు. అతడు పోయినను కుటుంబములో ఒకరికి కొలువు దొరకునని ఆడపిల్ల తండ్రి లెక్కవేయును. అట్టి లెక్కతో మా విద్యార్థిని యొకతెను ఆమెకంటె పదునెనిమిదేండ్లు పెద్దవానికి ఇచ్చిరి. రెండేండ్లకు ఆమె పుట్టింటికి వచ్చి ఇక పోనని కూర్చుండెను. ఆ తల్లిదండ్రులు మమ్ము పిలిచి బుద్ధిచెప్పుమనిరి. తరగతిలో నీరాను పొగడిన నోటితోనే మేము ఆ పిల్లకు ఓర్పును గూర్చి అరగంట చెప్పితిమి. ఆమె మారు పలుకలేదు. ‘ఇందులో మగడు మంచివాడు, కొట్టడు’ అని మాకు మేము సమాధానము చెప్పుకొన్నాము. కాకాసాహెబు మాత్రము కొట్టెనా?

తెలుగువారమైన మనకు ఈ విషయమున గర్వించుటకు కొంత గలదు, సిగ్గుపడుటకు కొంత గలదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’లో ముసలి లుబ్ధావధానులకు సుబ్బినిచ్చు పెండ్లి జరుగదు. మగపిల్లవానికి ఆడవేషము వేసి పీటలమీద కూర్చుండబెట్టుదురు. ఒక్క ప్రాణము పోకుండ నవ్వుతోనే పని జరిగినది. ఐతే రక్షింపబడిన సుబ్బికి నాటకములో చెప్పుకోదగిన మాట లేదు. నీరా నోరు ఆమెకు లేదు. 1939లో చిత్రముగా వచ్చిన కాళ్లకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’లో కాళిందికి నోరును గలదు, బుద్ధియు గలదు. కాని కట్నమునకై తండ్రి ఆస్తి అమ్ముకొనుట చూడలేక తానే ప్రాణము తీసికొనును. మనవారు పిల్లను చంపిరి. మరాఠీవారు ముసలివానిని చంపిరి. రెండింటిలో మరాఠీ పద్ధతి మేలని యొప్పుకొందుము.

కులముల కథలలోను ఈ చావు వెంబడించుచునే యున్నది. 1936లో బాంబే టాకీస్‌వారు తీసిన ‘అఛూత్ కన్యా’లో దేవికారాణి ధరించిన అంటరాని పిల్ల కస్తూరి రైలుక్రింద పడి చనిపోవును. ఆమె చనిపోయినందున అగ్రవర్ణపు ఇల్లు మారనక్కర లేకపోయినది. రెండేండ్లకు గూడవల్లి రామబ్రహ్మముగారు చలము కథతో తీసిన ‘మాలపిల్ల’లో పిల్ల బ్రతికియుండును, ఛాందసుని మనసే మారును. మార్పు మంటలలోనుండి ప్రాణము కాపాడిన ఉపకారముచేత వచ్చినది గాని న్యాయముచేత రాలేదని అనవచ్చును. ఐనను మాకు అదియే ఇష్టము. శాంతారామే 1939లో తీసిన ‘మాణూస్’ ఇంకను మెచ్చదగినది. ఒక పోలీసు జవాను వేశ్యావాటికలోని మైనాను ప్రేమించును. కథ సుఖాంతము కాదు. మైనా చెరసాలకు పోవును. జవాను ‘దేవదాసు’వలె తాగి చావక మరల పనిలో చేరును. ఏడ్చుచు చచ్చుట గొప్ప కాదు, ఏడ్చుచు బ్రతుకుటయే కష్టమని నమ్మిన చిత్రము అది. ‘శేజారీ’ (1941) సంగతి యెత్తిన పెద్ద వ్యాసమగును. అందులో హిందూ ముస్లిము పొరుగువా రిరువురును ఆనకట్ట తెగినచోట కలసి చనిపోయిన తరువాత గాని ఊరికి బుద్ధి రాదని మాత్రము గుర్తుచేయుదుము.

మగని స్థానమున యజమానిని నిలిపినను కథానిర్మాణము మారలేదు. 1934లో మోహన్ భవనానీ తీసిన ‘మిల్’, లేక ‘మజ్దూర్’, అను చిత్రమునకు ప్రేమ్‌చంద్ కథ వ్రాసెను. మన జైరాజు అందులో నటించెను. మంచి మిల్లు యజమాని చనిపోగా కొడుకు దుర్మార్గుడై కూలీలను పీడించును, కూతురు కూలీల పక్షము వహించును. సమ్మె జరుగును. తుదకు కొడుకు చెరసాలకు పోవును. బొంబాయిలో దానిని నిషేధించిరి. కాశీలో ప్రేమ్‌చంద్ సొంత ముద్రణాలయపు పనివారే జీతముల బాకీకై సమ్మె చేసిరని చెప్పుకొందురు. అది నిజమైనచో విమర్శకు లెవ్వరును చేయలేని విమర్శ అది. ఆ చిత్రము ప్రతి నేడు దొరకదు. మన జిల్లావాడు కార్మికుల కథలో నటించిన చిత్రము, కార్మికుల ఊరిలో మేము చూపలేము.

‘కాలా పత్థర్’ మాత్రము మా యూరిలో చూడనివారు లేరు. 1979లో యశ్ చోప్రా తీసిన ఈ బొగ్గుగని చిత్రమునకు 1975 డిసెంబరు 27న చాస్‌నాలా గనిలో నీరు దూసుకొనివచ్చి 375 మంది చనిపోయిన ఘోరము ఆధారము. చిత్రములో గని యజమాని ధనరాజు లోభి. నీరు నిలిచిన పాత తవ్వకము ప్రక్కన బొగ్గు తీయవలదని ఇంజనీరు చెప్పినను వినడు. గోడ బ్రద్దలగును, జనము చత్తురు, దోషి యెవడో మనకు తెలియును. నిజమైన చాస్‌నాలా గని అప్పటికే ప్రభుత్వ నిర్వహణలోనికి వచ్చిన ఇనుము ఉక్కు సంస్థకు చెందినది. 1973 నాటికే దేశములోని ప్రైవేటు బొగ్గుగనులు దాదాపన్నియు ప్రభుత్వపరమైనవి. చిత్రము మాత్రము ఒక ధనరాజును కల్పించి మన కోపమునకు తావు చూపెను.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో నీరు చొచ్చి 17 మంది కార్మికులు చనిపోయిరి. ఈ గనులు ప్రభుత్వ సంస్థవి. ఇచట ధనరాజు లేడు. నీరు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపల అనుమతి లేక తవ్వరాదని 1957 నాటి గనుల నిబంధనలలోనే యున్నది. పాత పటము సరిగా నున్నదా, కొలత సరిపోయినదా, ముందు రంధ్రము వేసి చూచిరా, ఉత్పత్తి లక్ష్యము తొందరపెట్టినదా: ప్రతి గనిలోను ప్రతిదినమును అడుగవలసిన ప్రశ్నలు ఇవి. వీనికి ముఖము లేదు, మీసములు లేవు, చిత్రము తీయుటకు పనికిరావు. కాకాసాహెబును చంపి నీరాను విడిపించినట్లు, ధనరాజును పట్టి యిచ్చి గనిని బాగుచేయవచ్చునని నమ్మించుట ‘కాలా పత్థర్’ దోషము. చిత్రములోని నీటి దృశ్యములు మాత్రము నిజమువలె భయము పుట్టించునని బావిలో దిగినవారే మాతో చెప్పిరి. వారి మాట మాకు ప్రమాణము.

క్రిందటి మాసమున ‘దునియా న మానే’ను మరల పెట్టితిమి. ఈసారి కాకాసాహెబు మనసు మారు ఘట్టముకడ నిలిపివేసి, ముసలివాడు చావలేదనుకొనుడు, తరువాత ఏమి జరుగవలెనో మీరు చెప్పుడని స్త్రీల నడిగితిమి. మా విద్యార్థినియు వచ్చియుండెను. కోర్టుకు పోవలెనని యొకతె. భరణ మెవరిత్తురని మరియొకతె. సవతికూతురి యింటికి పోవలెనని యొకతె. పంచాయితి పెద్దమనుషులు ముసలివానివైపే మాటలాడుదురని ముసలమ్మయే ఈసారి ఒప్పుకొనెను. మా విద్యార్థిని మాత్రము, “ముందు ఆమెను ఒక పనిలో పెట్టాలె సార్, తర్వాత మిగతా ముచ్చట” అనెను. రాత్రి షిఫ్టువారు టిఫిను డబ్బాలు పట్టుకొని వీధిలో పోవుచున్నను వాదము ముగియలేదు. చిత్రము అక్కడనే నిలిచియున్నది.