చారెడు, బారెడు, పిడికెడు

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు గుంటూరుకి దగ్గరే. మాఘమాసం వచ్చిందంటే కళ్ళాల నిండా మిరపకాయలు ఎండుతుండేవి. ఆడవాళ్ళు బారులుగా కూర్చుని ఎర్రకాయలోంచి తాలుకాయ ఏరేవారు. తాలు అంటే రంగు దిగని, పాలిపోయిన కాయ. దాని బస్తా వేరు, ధర వేరు. ఆ రోజుల్లోనే మా పిన్నికి పెళ్ళిచూపులు జరిగాయి. వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ కాఫీ గ్లాసు కిందపెట్టి, "పిల్ల తాలుకాయలా ఉంది, కాస్త ఒళ్ళు చెయ్యాలి" అంది. అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. ఆ సాయంత్రం మాత్రం కళ్ళంలోకి రాలేదు.

ఆ పెద్దావిడని తిట్టుకుంటూనే పెరిగాను. తర్వాత్తర్వాత తెలుగు సాహిత్యం చదువుకుంటుంటే ఆవిడ ఒంటరిది కాదని అర్థమైంది. చారెడేసి కళ్ళు, బారెడు జడ, పిడికెడు నడుము. ముద్దుగా వినపడే ఈ మాటలన్నీ కొలతలే! చారెడు బియ్యం, బారెడు తాడు, పిడికెడు గింజలు అంటాం కదా. ఇక్కడ కొలుస్తున్న చెయ్యి ఎవరిది? జడ ఆమెదే, దాన్ని కొలవడానికి చాచిన చేతులు ఆమెవి కావు. మగవాణ్ణి ఆజానుబాహువు అంటాం. అతని చేతులకి కొలత అతని మోకాళ్ళే. అతన్ని కొలవడానికి బయటి నుంచి ఇంకో చెయ్యి రానక్కర్లేదు.

కొలతలు కానివి తిండివస్తువులు. దొండపండు పెదవి సంగతే చూడండి. మన ఇళ్ళలో దొండకాయ పండితే కూరకి పనికిరాదని పారేస్తాం. కావ్యాల్లో తప్ప ఆ పండుకి ఎక్కడా గౌరవం లేదు. ఆ పోలిక రాసినవాళ్ళు వంటింట్లో కూరలు తరిగి ఉండరు.

ముక్కు తిమ్మన కథ మనకందరికీ తెలుసు. తుమ్మెదలు దగ్గరికి రావని సంపెంగపువ్వు తపస్సు చేసి స్త్రీ ముక్కుగా పుట్టిందట, ఇప్పుడు రెండు పక్కలా చూపులనే తుమ్మెదలు ఉన్నాయట. ఈ పద్యం వసుచరిత్రలో గిరిక వర్ణనలో ఉంది. తిమ్మన రాసిన పద్యాన్ని రామరాజభూషణుడు డబ్బిచ్చి కొనుక్కున్నాడని లోకంలో ఒక చాటుకథ. నిజమో కాదో గానీ, ఆడదాని ముక్కు మీది పద్యం కూడా బేరానికొచ్చిందని చెప్పుకోవడం మనకి వింతగా అనిపించలేదు! తపస్సు పువ్వుది, కీర్తి కవిది. గిరిక ఆ ముక్కుతో ఊపిరి పీల్చుకునేదా అన్న అనుమానమే ఎవరికీ రాదు.

ఇది మన భాషకి మాత్రమే పట్టిన జబ్బేమో అనుకునేదాన్ని. రష్యన్ నానుడులు చూశాక ఆ అభిప్రాయం పోయింది. అక్కడా అందగత్తె హంసలా తేలివస్తుంది, ఆమెకి కందిరీగ నడుము ఉంటుంది. నిగనిగలాడే మనిషిని పాలూ నెత్తురూ కలిపినట్టున్నారంటారు. అందం లేనిదాన్ని చర్మమూ లేదు, మొహమూ లేదని ఒక్కమాటలో తీసిపారేస్తారు. అందగత్తెగా పుట్టకు, అదృష్టవంతురాలిగా పుట్టు అని ఒక సామెత. అందులోని విశేషణాలు స్త్రీలింగంలోనే ఉంటాయి. మగపిల్లవాడికి ఆ హితబోధ అక్కర్లేదు కాబోలు.

అయితే అదే భాషలో గోర్కీ 1906లో 'అమ్మ' రాశాడు. క్రొవ్విడి లింగరాజు అనువాదం మన ఎన్ని ఇళ్ళలో లేదు? ఆ నవల మొదట్లో నీలొవ్నా రూపం గుర్తు తెచ్చుకోండి. పనితోనూ మొగుడి దెబ్బలతోనూ వంగిపోయిన ఒళ్ళు. కుడి కనుబొమ మీద లోతైన మచ్చ. ఆ మచ్చ వల్ల కనుబొమ కాస్త పైకి లేచి ఉంటుంది. దాంతో ఆమె ఎప్పుడూ భయంభయంగా ఏదో ఆలకిస్తున్నట్టుంటుంది. ఇక్కడా "అన్నట్టు" ఉంది, పోలిక ఉంది. కానీ ఆ పోలిక ఆమెని పువ్వుగానో పండుగానో మార్చదు. ఆమె బతికిన బతుకునే ఆమె మొహం మీద చదువుతుంది. సంపెంగ ముక్కుకి గతం లేదు. ఈ కనుబొమకి ఉంది.

మన పోలికల్లో కులం కూడా ఉంది. ఎండలో పనిచేసే ఆడదానికి చందమామా సంపెంగా దక్కవు, ఆమెకి తుమ్మమొద్దు దక్కుతుంది. జయప్రభ పైటను తగలెయ్యాలన్నప్పుడు మనలో చాలామందికి ఊపిరి ఆడింది. జూపాక సుభద్ర కొంగు గురించి రాశాక, అదే గుడ్డ ఇంకో స్త్రీకి ఒంటి మీది కాపలా కాదనీ పనిలో తోడనీ తెలిసింది. ఒళ్ళు ఒకటే అనుకుని అందరికీ ఒకే అలంకారశాస్త్రం రాసుకోవడం స్త్రీవాదులమైన మనం కూడా చేసిన పొరపాటే.

నా మొదటి కథలో నాయికకి చారెడేసి కళ్ళు పెట్టాను. నిజం చెప్పాలంటే రెండో కథలో కూడా పెట్టాను. అలవాటుగా చేతికొచ్చిన మాట, రాసేశాను. అచ్చయ్యాక పిన్ని చదివి, "బాగుందే" అని పత్రిక మూసేసింది.

కొన్నేళ్ళ కిందట ఒక వ్యాసం కోసం మిరపకాయల పనికి వెళ్ళే ఒకామెని వెతుక్కుంటూ ఆ ఊరే వెళ్ళాను. కళ్ళంలో పాతికమంది దాకా ఉన్నారు. ఘాటుకి అందరూ మొహాలకి గుడ్డలు చుట్టుకున్నారు. ఆమె ఎలా ఉంటుందని గట్టుమీద కూర్చున్న ముసలమ్మని అడిగాను. నల్లగానా ఎర్రగానా, పొడుగా పొట్టా, ఆవిడ ఏమీ చెప్పలేదు. "ఎడంచేత్తో ఏరుద్దమ్మా. చేతులు మండితే ఊదుకోదు, చీరకేసి రుద్దుకుద్ది. పిలిస్తే ముందు పని ఆపుద్ది, తర్వాత తల తిప్పుద్ది" అంది.

వెళ్ళి పేరు పెట్టి పిలిచాను. మూడో వరసలో ఒక ఎడమచెయ్యి ఆగింది.