వంశావళిలో వృత్తి ఎందుకుండదు?

హైదరాబాదులోని అడిక్‌మెట్‌ను ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ ఉంది. 1888లో స్థాపితమైన ఈ సంస్థ అరబీ వ్రాతప్రతులను సరిచూసి, ముద్రించి లోకానికి అందించింది. వాటిలో జీవిత చరిత్రల వాటా పెద్దది. హదీసు ఉల్లేఖకుల గురించి ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మలై) కూర్చిన ‘తహ్‌జీబుత్ తహ్‌జీబ్’ను 1907-1909 మధ్య 12 సంపుటాలుగా అచ్చువేసింది ఈ సంస్థే. ఇమామ్ సమ్ఆనీ (రహ్మలై) గ్రంథం ‘అల్ అన్సాబ్’ ప్రచురణ 1962లో ఆరంభమైంది.

వంశ చరిత్ర రాయదలచిన ముస్లిం కుటుంబాలకు ఈ రెండో గ్రంథం గొప్ప పాఠం. 1166లో మరణించిన సమ్ఆనీ మనుషులను వారి నిస్బత్‌ను బట్టి, అనగా ఊరు, తెగ, పూర్వీకుడు, వృత్తి - వీటిలో దేనితో వారిని పిలిచేవారో దాన్ని బట్టి వరుసగా పేర్కొన్నారు. బట్టలు కుట్టేవాడు ఖయ్యాత్, పత్తి గింజలు తీసేవాడు హల్లాజ్, దూది ఏకేవాడు నద్దాఫ్. ఈ పేర్లతో ప్రసిద్ధులైనవారిలో విద్వాంసులున్నారు, హదీసు ఉల్లేఖకులున్నారు. తాత చేసిన పని మనవడి విద్వత్తుకు మచ్చ అని ఆ గ్రంథకర్తకు తోచలేదు.

మరి మన ఇళ్ళలోని షజరాల సంగతి? అవి ఎక్కడో అరబ్బు దేశంలోనో, ఇరాన్‌లోనో మొదలై, మహనీయుల పేర్ల మీదుగా నడిచి, తెలుగు నేల చేరేసరికి మూగబోతాయి. ముత్తాత ఏ పనిచేసి పిల్లలను పోషించాడో, ఏ కరువులో ఊరు విడిచాడో అందులో ఉండదు. దూది ఏకిన కారణంగా దూదేకులవారన్న పేరు వచ్చిన కుటుంబాలలో కొందరు, చదువులూ ఉద్యోగాలూ వచ్చాక ఆ మాటను కాగితంపై పెట్టడానికి వెనుకాడతారు. నవ్వేవాళ్ళుండబట్టే కదా వెనుకాడేది! తప్పు నవ్వినవారిది, నష్టం మనవలది.

సయ్యద్ నశీర్ అహమ్మద్ 2010లో వెలువరించిన ‘అక్షర శిల్పులు’ తెలుగులో రాసిన ముస్లిం కవుల, రచయితల వివరాలను ఒకచోట చేర్చింది. తండ్రితోపాటు తల్లి పేరునూ నమోదు చేయడం దాని సుగుణం. షజరాలలో స్త్రీలు ఎక్కడున్నారు గనుక! అయితే ఇబ్నె హజర్ పద్ధతి ఇందులో కనబడదు. ఒక ఉల్లేఖకుణ్ణి ఒక పండితుడు నమ్మదగినవాడన్నా, మరొకరు జ్ఞాపకశక్తి బలహీనమన్నా ఆయన ఇద్దరి మాటలనూ వారి వారి పేర్లతో పక్కపక్కనే ఉంచారు. కుటుంబ చరిత్రకు కావలసింది ఇదే. తాతగారి అప్పుల గురించి పెద్దమ్మ ఒకలా, చిన్నాన్న మరోలా చెబితే రెండూ ఉండాలి, ఎవరు చెప్పారో కూడా ఉండాలి. క్లుప్త పరిచయాల సంకలనం నుంచి ఇంత ఆశించడం అన్యాయమే కావచ్చు.

ఇంటి లోపలి బ్రతుకు కథల్లోకే ఎక్కువగా వచ్చింది. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ (1999) నెల్లూరు ప్రాంతపు ముస్లిం బాల్యాన్ని ఆ ఇళ్ళలో మాట్లాడే తెలుగులోనే చెప్పాయి. ఏ షజరాలోనూ వినిపించని గొంతులు వీటిలో వినిపిస్తాయి. కానీ కథ కథే, దాన్ని సాక్ష్యమడగరాదు.

సాక్ష్యం ట్రంకుపెట్టెలలో ఉంది. ఉర్దూలో రాసుకున్న లెక్కల పుస్తకాలు, నికాహ్‌నామాలు, ఉత్తరాలు. తెలుగు మాధ్యమంలో, ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన మనవలకు ఆ లిపి రాదు గనుక ఇల్లు మారినప్పుడల్లా కొన్ని పాత కాగితాలవాడి తక్కెడలోకి పోతున్నాయి. వాటిని చదవగల ఆఖరి మనిషి తరచు ఆ ఇంటి దాదీయే. ఆమె చదువుతుండగా మనవరాలు తెలుగులో రాసుకుంటే చాలు. ‘దూది ఏకేవాడు’ అని ఉన్నచోట ‘వ్యాపారి’ అని దిద్దకుండా, ప్రతి పుట కింద తేదీ వేసి, దాదీ పేరు రాసి, ‘ఆమె చదవగా విన్నది’ అని చేర్చితే అది ఇస్నాద్ గల ఉల్లేఖనమే అవుతుంది.