సిద్దయ్య చేయని సలాము

పోతులూరి వీరబ్రహ్మం కథ చెప్పుకునే ఈ సీమలో సిద్దయ్యను గురించి రెండు అభిప్రాయాలు తరచు వింటాను. ముడుమాల దూదేకుల ఇంట పుట్టి హిందూ గురువును ఆశ్రయించాడు గనుక అతడు ఇస్లాంను విడిచినవాడని ఒకటి. మతమన్నది పాలకుల పనిముట్టు, అందులో మనం వెదకవలసింది లేదని మన మిత్రులే కొందరు చెప్పేది రెండవది. రెండూ తొందరపాటు మాటలే.

కడప నవాబు కొలువు ఘట్టం చూడండి. తల్లిదండ్రుల ఫిర్యాదుమీద సిద్దయ్యను పిలిపించారు. అతడు సలాము చేయలేదు. తన నమస్కారాన్ని గురువు తప్ప అన్యులు భరించలేరన్నాడు. రుజువు చూపమంటే బండకు నమస్కరించాడు, బండ పగిలింది. కథకులు ఆ ముక్కల దగ్గరే ఆగిపోతారు. మా బేతంచెర్ల నాపరాతి గనుల్లో సుత్తి పట్టేవానికి బండ ఎలా పగులుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు. మహిమ అంటే నవ్వుతాడు. అంతకు ముందు జరిగింది చెబితే మాత్రం వింటాడు. దూది ఏకే కులంవాడొకడు పాలకుని ఎదుట తల వంచలేదు.

దేవునికి తప్ప మరెవరికీ తల వంచరాదన్నది ఇస్లాం తొలి పాఠం. నవాబు నమాజుకు లోటు చేసి ఉండడు. ఆ పాఠం కొలువులో నిలబెట్టినవాడు మాత్రం సిద్దయ్య. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించిన చిలుకూరి నారాయణరావు ఖురానును తెనిగించారు. అందులో 107వ అధ్యాయం చాలా చిన్నది. అనాథను గెంటేవాడు, పేదవాని తిండిని పట్టించుకోనివాడు మతాన్నే కాదన్నవాడని దాని భావం. పదిమంది చూడాలని నమాజు చేస్తూ పొరుగువానికి చిన్న సాయం చేయనివాణ్ణి కూడా అది వదలదు.

మరి గురువుకు వంగాడు గదా అంటారు. నిజమే. ఏ మౌల్వీ దీనిని ఒప్పడు. గురుభక్తిలోని దాస్యపు వాసన నాకూ నచ్చదు. కాని ఆ గురువే దండ కమండలాలను, పాదుకలను కన్నకొడుకులను కాదని సిద్దయ్యకిచ్చాడని కథ. తెగలు ఒకరినొకరు ఎరుగుటకే, ఘనత నడతనుబట్టే అన్న 49వ అధ్యాయపు మాటకు ఇది ఎంత దగ్గర!

బండ పగిలాక నవాబు చేతులు జోడించాడని అందరూ చెబుతారు. సలాము అందని ఆ క్షణంలో అతని ముఖమెలా ఉందో మన కథకులలో ఒక్కరైనా వర్ణించగా నేను వినలేదు.