11 నిమిషాల పట్టిక

ఇంట్లోనే చేసుకునే కఠిన వ్యాయామ పథకాలు ఇప్పుడు కోకొల్లలు. చాలావాటి పద్ధతి ఒకటే. మొదటి రోజే మనిషిని మట్టి కరిపించడం, తట్టుకుని లేచినవాళ్లను వెంట తీసుకుపోవడం. లేవలేనివాళ్లు వారం తిరిగేలోపే మానేసి, లోపం తమ ఒంట్లోనే ఉందనుకుంటారు. కానీ చాలాసార్లు లోపం ఉండేది పథకం కట్టిన తీరులో. చేతనైనవాడు కడితే ఎలా ఉంటుందో చూడాలంటే అరవై ఏళ్లు దాటిన ఓ చిన్న పుస్తకం తెరవాలి. రాయల్ కెనడియన్ ఎయిర్‌ఫోర్స్ కోసం బిల్ ఆర్బన్ 1950ల చివర్లో తయారుచేసిన ‘ఫైవ్ బీఎక్స్’ అది. అయిదే అయిదు వ్యాయామాలు.

అప్పట్లో ఆ దళం పైలట్లలో మూడోవంతు మందికి విమానం నడిపేంత దేహదారుఢ్యం లేదని తేలింది. వాళ్లలో చాలామంది ఉత్తర కెనడాలోని మారుమూల స్థావరాల్లో ఉండేవాళ్లు. అక్కడ జిమ్ లేదు. కాబట్టి పథకానికి కాస్త నేల, ఓ గడియారం తప్ప మరేమీ అక్కర్లేకుండా ఉండాలి. ఆర్బన్ అంతకుముందు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆక్సిజన్ వినియోగం మీద పరీక్షలు చేస్తూ ఒక సంగతి గమనించాడు. ఎక్కువసేపు చేసినంత మాత్రాన దమ్ము పెరగడం లేదు, ఎంత తీవ్రంగా చేశారన్నదే లెక్కకు వస్తోంది. ఆ రంగంలోనివాళ్లు కొందరు దీన్ని ఒప్పుకోలేదు. ఆయన మాత్రం పథకం మొత్తాన్నీ ఆ గమనిక మీదే నిలబెట్టాడు.

రోజుకు 11 నిమిషాలు. మొదటి వ్యాయామానికి రెండు, తర్వాతి మూడింటికి ఒక్కొక్కటి, చివరిదానికి ఆరు. ముందు నిలబడి వంగి నేల తాకడం, తర్వాత వెల్లకిలా పడుకుని లేవడం, బోర్లా పడుకుని తలా కాలూ ఎత్తడం, ఆపైన దండీలు, ఆఖరున ఉన్నచోటే పరుగు. ఒళ్లు వేడెక్కించడానికి విడిగా సమయం కేటాయించలేదు. మొదటి వంగడాలనే నింపాదిగా మొదలుపెట్టి క్రమంగా వేగం పెంచమంటాడు, సన్నాహం అక్కడే అయిపోతుంది. నడుము, పొట్ట, వీపు, చేతులు వరసగా పనిచేశాక అప్పుడు గుండెకు పని. ఆ పరుగులోనూ ఓ మెలిక పెట్టాడు. ఎడమ పాదం నేల తాకిన ప్రతిసారీ ఒకటి లెక్క. 75 కాగానే ఆగి పది గెంతులు, మళ్లీ పరుగు. శరీరం ఒకే ఊపుకు అలవాటుపడి తేలిగ్గా లాగించేద్దామనుకునే లోపే గెంతులు వచ్చి గుండె వేగాన్ని ఇంకాస్త పెంచుతాయి.

పనితనమంతా పట్టికల్లో ఉంది. మొత్తం ఆరు పట్టికలు, ఒక్కోదానిలో 12 మెట్లు. అట్టడుగున డి మైనస్, పైకొసన ఏ ప్లస్. మొదటి పట్టికలో డి మైనస్ దగ్గర అడిగేది 2 వంగడాలు, 3 లేవడాలు, 4 ఎత్తడాలు, మోకాళ్లు నేలకు ఆన్చి 2 దండీలు, 100 లెక్క వరకు పరుగు. అంతే. రెండు దండీలేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. అదే పట్టిక పైకొసన చూడండి: 20, 18, 22, 13, 400. ఆ 400 ఎడమ కాలి లెక్క మాత్రమే. రెండు కాళ్లూ కలిపితే 800, మధ్యలో గెంతులు అదనం. గడియారం మాత్రం ఇక్కడా 11 నిమిషాల దగ్గరే ఆగుతుంది. కష్టం పెంచాలంటే సమయం పెంచడం తేలికైన దారి. ఇరవై నిమిషాలు నలభై అవుతాయి, నలభై గంట అవుతుంది. ఒళ్లు మొరాయించకముందే ఇంటిపని, ఉద్యోగం, పిల్లల బడి అడ్డుపడతాయి. ఆర్బన్ ఆ తలుపు మూసేశాడు. ఇక్కడ కష్టం నిమిషం లోపలే పెరుగుతుంది తప్ప రోజులో ఇంకో నిమిషాన్ని ఆక్రమించదు. ఇంట్లో కసరత్తు చేసేవాళ్ల బతుకు ఎరిగి చేసిన నిర్ణయమిది.

పట్టిక మారినప్పుడు వ్యాయామం పేరు మారదు, రూపం బిగుస్తుంది. రెండో పట్టికలో మోకాళ్లు నేల వదులుతాయి, ఒళ్లంతా నిటారుగా ఉంచి దండీ తీయాలి. ఆ బిగింపుకు తగ్గట్టు, పెరుగుతూ వచ్చిన సంఖ్యను అక్కడ కొంత వెనక్కి తగ్గించాడు. అయిదో పట్టికకు వచ్చేసరికి దండీ తీస్తూనే చేతులు పైకి లేపి చప్పట్లు కొట్టి మళ్లీ చేతుల మీద వాలాలి. ఆరో దానిలో చప్పట్లకు బదులు రొమ్ము చరుచుకోవాలి. ఆ సామర్థ్యం మామూలుగా మేటి క్రీడాకారుల్లోనే ఉంటుందని పుస్తకమే చెబుతుంది. అందరినీ అక్కడికి ఈడ్చుకుపోదు. ఏ వయసువాళ్లు ఏ మెట్టు దాకా వస్తే చాలో పట్టికలోనే ఉంటుంది, విమాన సిబ్బందికి విడిగా.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది మనిషిని ఆపి ఉంచే నియమం. ఒక్కో మెట్టు మీద కనీసం ఎన్నాళ్లు నిలవాలో వయసునుబట్టి చెప్పాడు. 20 లోపువాళ్లు ఒక రోజు, 20ల్లో ఉన్నవాళ్లు రెండు, 30ల్లో నాలుగు, 40ల్లో ఏడు, 50ల్లో ఎనిమిది, 60 దాటితే పది రోజులు. నలభై రెండేళ్ల మనిషికి మొదటి పట్టిక దాటడానికే 84 రోజులు పడుతుంది. ఎంత ఓపికున్నా డి మైనస్ నుంచే మొదలుపెట్టాలి. ఇందులో ఎంత జాగ్రత్త ఉందో ఒంటి తీరు తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. కొత్త కసరత్తు నొప్పులు ఆ రోజు కన్నా మర్నాడు, మూడోనాడు ముదురుతాయి. దమ్మూ కండా త్వరగానే అలవాటుపడతాయి. కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్లు గట్టిపడటానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఉత్సాహంగా దూకేవాళ్లు దెబ్బతినేది ఈ వ్యవధి తేడాలోనే. మధ్యలో మానేసినవాళ్లనూ ఆయన మరిచిపోలేదు. జబ్బుపడి నెలకు మించి, మరే కారణంగానైనా రెండు నెలలకు మించి ఆగితే మళ్లీ మొదటి పట్టికకే రమ్మంటాడు.

మన ఊళ్ల తాలింఖానాల్లో దండీలకూ బస్కీలకూ సామాను అక్కర్లేదు. కానీ అక్కడ ఉస్తాదు ఉండేవాడు. కుర్రవాడి ఊపిరి, మోకాళ్ల వణుకు చూసి ఇవాళ్టికి చాలనో, ఇంకో పది తియ్యమనో చెప్పేవాడు. గదిలో ఒంటరిగా చేసేవాళ్లకు ఆ చూపు దొరకదు. దాన్ని అంకెల్లోకి దించడానికి చేసిన ప్రయత్నంగానే నేను ఈ పట్టికలను చదువుతాను. అంకెలు ఆ పని పూర్తిగా చేయలేవు. ఎన్నిసార్లు వంగాలో పట్టిక చెబుతుంది, తప్పుగా వంగుతుంటే చెప్పదు.

అందుకే ఇప్పుడు ఈ పుస్తకం పట్టుకునేవాళ్లు కొన్ని మార్చుకోవాలి. కాళ్లు చాచి పడుకుని లేవడాన్ని, కుదుపుతో నేలను తాకడాన్ని ఇప్పటి శిక్షకులు చాలామంది మాన్పిస్తారు. నడుం కింది భాగం మీద భారం పడుతుందని వాళ్ల ఆందోళన. మోకాళ్లు మడిచి లేవడం, కుదుపు లేకుండా వంగడం మేలు. గుండె జబ్బో నడుంనొప్పో ఉన్నవాళ్లు ముందుగా డాక్టరును అడగాలి. ఈ మార్పులన్నీ చేసినా కట్టడం చెక్కుచెదరదు. ఆర్బన్ ప్రతిభ వ్యాయామాల ఎంపికలో కన్నా వాటిని ఏ మోతాదున, ఎన్నాళ్లకోసారి పెంచాలో తేల్చడంలో ఉంది. ఇదే పద్ధతిని ఆడవాళ్ల కోసం వచ్చిన ‘ఎక్స్‌బీఎక్స్’లోనూ చూడొచ్చు. అందులో 10 వ్యాయామాలు, 12 నిమిషాలు, నాలుగు పట్టికలు. రెండూ లక్షలాది ఇళ్లకు చేరాయి.

ఎక్కడం ముగిసేచోటును కూడా ఈ పుస్తకం చెబుతుంది. వయసుకు తగిన మెట్టు చేరాక ఇంకా ఎక్కమని పోరదు. ఆ స్థాయి నిలుపుకోవడానికి వారానికి మూడుసార్లు చేస్తే చాలంటుంది. అంటే వారం మొత్తానికి 33 నిమిషాలు.