రియల్ ఎస్టేట్ శిక్షణ: పాఠాల్లో కనిపించని భూమి

ఈ కోర్సు చదువుతున్న మీలో కొందరు ఇప్పటికే ఏదో ఒక వెంచర్ తరఫున ఆదివారాలు సైట్ విజిట్‌లకు తిరుగుతూ ఉండవచ్చు. ఉద్యోగం చేసుకుంటూనో, ఇల్లు చూసుకుంటూనో చేయగల పని అది. పెట్టుబడి అక్కరలేదు, డిగ్రీ ఎవరూ అడగరు. చేరిన రోజే విజిటింగ్ కార్డు చేతికొస్తుంది, ఒకటి రెండు రోజుల శిక్షణ కూడా ఉంటుంది. ఆ శిక్షణను ఈ భాగంలో విమర్శదృష్టితో పరిశీలిద్దాం. ఒక పుస్తకాన్ని విమర్శించేటప్పుడు అందులో ఉన్నదేమిటో చెప్పి ఊరుకోం, ఉండవలసి ఉండీ లేనిదేమిటో కూడా అడుగుతాం. పాఠ్యక్రమాన్ని కూడా అలాగే చదవాలి.

ఒక సంస్థ కొత్తగా చేరినవారికి ఇచ్చిన శిక్షణ నోట్సు నేను చదివాను. మొదటి పాఠం మీకు తెలిసిన నూరుమంది పేర్లు రాయడం: మేనమామలు, బాబాయిలు, చదువుకున్న స్నేహితులు, పిల్లల స్కూలు టీచర్లు, పాలు పోసే ఆయన. రెండోది ఫోన్ ఎలా చేయాలి. మూడోది కారులో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి, సైట్‌కు వెళ్లాక ముందు ఏం చూపించాలి. ముందు చూపించవలసినవి ఆర్చి, కాంపౌండు గోడ, నాటిన మొక్కలు. "ఇంట్లో అడిగి చెబుతాను" అన్నవారికి ఏమని జవాబివ్వాలో రెండు పేజీలున్నాయి. అదే రోజు బయానా ఎలా తీసుకోవాలో ఒక పేజీ. చివరి పాఠం అన్నిటికన్నా వివరంగా ఉంది: గజానికి మీకెంత, మీ కింద ఇంకొకరిని చేర్పిస్తే ఎంత, వారు ఇంకొకరిని చేర్పిస్తే ఎంత.

ఇదంతా పనికిరానిదని కొట్టిపారేయకండి. కొత్తవారితో బెరుకు లేకుండా మాట్లాడటం, ఎదుటివారి స్తోమత తెలుసుకుని దానికి తగినదే చూపించడం, మాటిచ్చిన సమయానికి ఫోన్ చేయడం మంచి అలవాట్లే. ఆ నోట్సులో వినడం గురించి ఉన్న అరపేజీ నిజంగా బాగుంది. నా అభ్యంతరం ఉన్నదాని మీద కాదు. ఆ నోట్సులో కొనేవాడి మనసు ఉంది, భయాలున్నాయి, భార్యాభర్తల మధ్య మాటలు కూడా ఉన్నాయి. అమ్మే భూమి మాత్రం లేదు. సర్వే నంబరు అనే మాట ఒక్కసారే వచ్చింది, అదీ బ్రోచర్‌లో ఎక్కడ ముద్రించి ఉంటుందో చెప్పడానికి.

ఇప్పుడు ఒక మాటను దగ్గరగా చూద్దాం. కొనేవారు కాగితాల గురించి అడిగితే "ఈసీ క్లియర్ అండీ" అని చెప్పమంటుంది ఆ శిక్షణ. ఈసీ అంటే ఏమిటి? ఒక ఆస్తి మీద ఫలానా కాలంలో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరయిన లావాదేవీల పట్టిక. రిజిస్టరైన అమ్మకం, తనఖా, దాన సెటిల్‌మెంట్ అందులో కనిపిస్తాయి. రిజిస్టరు కానిది కనిపించదు. నోటిమాటగా జరిగిన పంపకం, రిజిస్టరు చేయని వీలునామా, తాత పోయాక ఎవరికెంత రావాలో తేలని వాటాలు ఈసీలో ఉండవు.

తెలుగునాట దీని బరువు ఎంతో గమనించండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాలకన్నా ముందే మనం చేసిన పని అది. 2005లో కేంద్ర సవరణ వచ్చాక పెళ్లయిన కూతుళ్లకూ ఆ హక్కు వచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదనీ 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక ఊళ్లో ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. పిత్రార్జితమైన మూడెకరాలను ఇద్దరు అన్నదమ్ములు సంతకాలు పెట్టి డెవలపర్‌కు అమ్ముతారు. అత్తగారింట ఉన్న చెల్లెలిని ఎవరూ అడగరు. ఈసీలో ఆమె పేరు ఉండదు, ఎందుకంటే ఆమె ఎప్పుడూ ఏదీ రిజిస్టరు చేయలేదు. ఐదేళ్ల తరవాత ఆమె తన వాటా కోసం కోర్టుకు వెళితే, అప్పటికి ఆ భూమి నలభై ప్లాట్లయి నలభై కుటుంబాల చేతుల్లో ఉంటుంది. "ఈసీ క్లియర్" అన్న ఏజెంటు అబద్ధమాడలేదు. తాను చెప్పిన మాటకు అర్థమేమిటో అతనికి ఎవరూ నేర్పలేదు. అమ్మినవారి తండ్రికి పిల్లలెందరు, ఆడపిల్లలు దస్తావేజులో సంతకం చేశారా అని అడగడం పది నిమిషాల పాఠం. ఆ పది నిమిషాలు ఆ శిక్షణలో లేవు.

ఈసీ ఒక్కటే కాదు. పాత పహాణీ లేదా అడంగల్ చూస్తే ఆ భూమి పట్టానా, ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిందా అన్న జాడ దొరుకుతుంది. అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధిస్తూ 1977లోనే చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత ఆస్తుల జాబితాలు ఉంటాయి. ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్ అడ్డుకుంటుంది, జనం దాన్ని వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. జీపీఏ ఒక్కటే చూపించి అమ్మితే యాజమాన్యం బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చెరువు కింద ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడిదాకా వస్తుందో అడగకుండా ప్లాటు కొన్నవారి గతి హైదరాబాద్ చుట్టుపక్కల వారికి వేరే చెప్పనక్కరలేదు.

లెక్కల విషయం త్వరగా ముగిద్దాం. ఎకరం 40 గుంటలు, 100 సెంట్లు, 4840 గజాలు. గుంట 121 గజాలు, సెంటు 48.4 గజాలు. ఫామ్ ప్లాటు పేరుతో ఐదు గుంటలు అమ్మేటప్పుడు అది 605 గజాల వ్యవసాయ భూమి మాత్రమేననీ, లేఔట్ అనుమతి ఉన్న ఇంటి స్థలం కాదనీ చెప్పడం ఏజెంటు పని. ఫ్లాటు విషయంలో "పదిహేను వందల ఎస్‌ఎఫ్‌టీ" అనే మాటకూ కార్పెట్ ఏరియాకూ తేడా తెలియాలి. బయటి గోడలు, సొంత బాల్కనీ, సర్వీసు షాఫ్టులు కార్పెట్ ఏరియాలోకి రావు, ఇంటి లోపలి అడ్డుగోడలు వస్తాయి.

ఈ నిర్వచనం 2016 నాటి రెరా చట్టంలోనిది. ఆ చట్టం ఏజెంటును కేవలం మధ్యవర్తిగా వదిలేయలేదు. 9వ సెక్షన్ ప్రకారం, చట్టం కింద నమోదు కావలసిన ప్రాజెక్టులో అమ్మకం జరిపించే ఏజెంటు తానూ నమోదు చేసుకోవాలి. 10వ సెక్షన్ ప్రకారం, నమోదు కాని ప్రాజెక్టులో అమ్మకానికి తోడ్పడకూడదు, లేని అనుమతులు ఉన్నాయని నోటిమాటగా కూడా చెప్పకూడదు, కొనేవారికి రావలసిన సమాచారమూ పత్రాలూ బుకింగ్ సమయంలోనే అందేలా చూడాలి. తప్పితే రోజుకు పదివేల రూపాయల చొప్పున, ఆస్తి విలువలో ఐదు శాతం వరకు జరిమానా పడవచ్చు. 13వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి ప్రమోటరు తీసుకోకూడదు. ఇప్పుడు "ప్రీ లాంచ్ ఆఫర్, మొత్తం ఒకేసారి కడితే సగం ధర" అన్న ప్రకటనను ఈ మూడు సెక్షన్ల పక్కన పెట్టి చదవండి. శిక్షణలో దాన్ని అవకాశంగా నేర్పుతారు. అదే ప్రాజెక్టు నమోదు కాకపోతే, అమ్మి పెట్టినవాడికి చట్టంలో అది నేరుగా ఉల్లంఘన. చిన్న ప్రాజెక్టులకు మినహాయింపు ఉంది: 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 598 గజాలకు మించని స్థలం, లేదా ఎనిమిదికి మించని ఫ్లాట్లు. ఈ మినహాయింపును నేర్పేవారు దొరుకుతారు, నియమాన్ని నేర్పేవారే అరుదు.

చట్టం ఇంత బాధ్యత మోపి, ఆ బాధ్యత మోయడానికి కావలసిన చదువును మాత్రం నిర్ణయించలేదు. రెరాలో నా దృష్టికి వచ్చిన పెద్ద లోపం ఇదే. మహారాష్ట్ర రెరా ఈ ఖాళీని గుర్తించి 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష, అర్హత ధ్రువపత్రం తప్పనిసరి చేసింది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో లైసెన్సుకు ముందే మూడు కోర్సులు, మొత్తం 135 గంటలు చదవాలి, ఆ తరవాత రాష్ట్ర పరీక్ష రాయాలి. గంటల సంఖ్యకన్నా అక్కడి ఒక కేసు మనకు ముఖ్యం. 1984లో ఈస్టన్ వర్సెస్ స్ట్రాస్‌బర్గర్ అనే కేసు అప్పీలు కోర్టుకు వచ్చింది. సరిగా గట్టిపరచని పూడిక మట్టి మీద కట్టిన ఇల్లు అమ్మారు, కొన్నాక మట్టి జారింది. అంతకుముందు జారిన సంగతి అమ్మినవారు ఏజెంట్లకు చెప్పలేదు. కానీ వాలు మీద పరిచిన వల, ఎత్తుపల్లంగా ఉన్న నేల ఏజెంట్ల కంటపడ్డాయి. తెలియదనడం సరిపోదు, చూసి కనిపెట్టి కొనేవారికి చెప్పవలసిన బాధ్యత ఏజెంటుదే అని కోర్టు అంది. మరుసటి ఏడాది ఇళ్ల అమ్మకాల విషయంలో ఆ బాధ్యతను శాసనసభ చట్టంలో చేర్చింది. అంటే అక్కడ కళ్లతో చూసి చెప్పడం ఏజెంటు మంచితనం కాదు, వృత్తిలో భాగం. ఆ దేశంలో భూమి రికార్డుల తీరు వేరు, అక్కడి పాఠాన్ని యథాతథంగా తెచ్చుకోలేం. మన ఏజెంటు చూడవలసిన వాలు చాలాసార్లు కాగితంలో ఉంటుంది.

మన దగ్గర శిక్షణ ఇలా ఎందుకుంది? నేర్పేవాడూ అమ్మేవాడూ ఒకడే కావడం వల్ల. వెంచర్ సంస్థ తన ప్లాట్లు అమ్ముడుపోవడానికి శిక్షణ ఇస్తుంది. పహాణీ చదవడం నేర్చుకున్న ఏజెంటు రేపు ఆ వెంచర్ పహాణీనే అడుగుతాడు. "ఇది కొనకండి" అన్నందుకు ఏ సంస్థా కమిషన్ ఇవ్వదు. కింద చేరినవారి అమ్మకాల మీద కూడా పైవారికి వాటా ఉన్నచోట, ఆలోచించి ఆగేవాడు పైనున్న నలుగురికీ నష్టమే.

"ఇవన్నీ లాయరు చూసుకుంటాడు కదా" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఏజెంటు లాయరు కానక్కరలేదు, లీగల్ ఒపీనియన్ రాయనూ కూడదు. కానీ చాలా ఇళ్లలో లాయరు దగ్గరికి వెళ్లేసరికి బయానా చేతులు మారిపోయి ఉంటుంది. కొన్నిసార్లు ఆ లాయరును చూపించేదీ వెంచర్ సంస్థే. బయానాకు ముందు కొనేవారి పక్కన ఉండే మనిషి ఏజెంటు ఒక్కడే. పైగా మొదటి పాఠం గుర్తు తెచ్చుకోండి: ఆ నూరు పేర్లలో మొదటిది మీ మేనమామది. ఆయన రిటైర్మెంటు డబ్బు పెట్టేది బ్రోచర్‌ను నమ్మి కాదు, మిమ్మల్ని చూసి. ప్లాటు వివాదంలో పడితే సంస్థ కార్యాలయం ఖాళీ చేసి పోవచ్చు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆయనకు ఎదురుపడేది మీరు.

అభ్యాసం: మీ ఇంట్లో ఉన్న ఒక విక్రయ దస్తావేజు తీసుకోండి. అమ్మినవారికి ఆ ఆస్తి ఎలా వచ్చిందో అందులో ఏ పేరాలో రాశారో గుర్తించండి. అక్కడ పేర్కొన్న లింకు డాక్యుమెంటు ఇంట్లో ఉందేమో చూడండి. ఆస్తి పిత్రార్జితమైతే, అమ్మినవారి అక్కచెల్లెళ్లు సంతకం చేశారో లేదో పరిశీలించండి. హద్దులు నాలుగూ నోట్‌బుక్‌లో గీసి, వీలైతే స్థలం దగ్గరికి వెళ్లి పోల్చండి. ఎక్కడ తేడా కనిపించిందో పది వాక్యాల్లో రాసి సంపర్క తరగతికి తీసుకురండి.