పులుల లెక్క ఎవరు తేల్చవలెను?

రాజస్థాన్‌లోని సరిస్కా అభయారణ్యములో పదికి మించిన పులులున్నట్లు 2004లో కాగితముపై లెక్క గలదు. 2005 తొలినాళ్లలో వెదకి చూడగా ఒక్కటియు కనబడలేదు. దేశమంతట కలవరము చెలరేగినది. కేంద్ర ప్రభుత్వము సునీతా నారాయణ్ అధ్యక్షతన ఐదుగురు సభ్యుల సంఘమును నియమించినది. అదే సంవత్సరము ఆగస్టులో వెలువడిన దాని నివేదిక పేరు 'జాయినింగ్ ది డాట్స్', అనగా చుక్కలు కలుపుట. ముగ్గులో విడివిడిగా నున్న చుక్కలవలె పులిని, అడవిని, అడవి అంచు పల్లెను కలిపి చూడవలెనని దాని ఉద్దేశము.

ఆ రోజులలో పులులను పాదముద్రలను బట్టి లెక్కించెడివారు. కాని ఒకే పులి ముద్ర ఇసుకలో ఒక తీరుగను, బురదలో ఒక తీరుగను పడును. ముందుకాలి ముద్ర వేరు, వెనుకకాలి ముద్ర వేరు. అంతకన్న పెద్ద లోపము మరియొకటి గలదు. కాపలా కాయువారే లెక్క వ్రాసెడివారు. దానిని బయటివారు సరిచూచు అవకాశము లేదు. పరీక్ష వ్రాసిన విద్యార్థియే తన పత్రమును దిద్దుకొన్నట్లున్నది! ఈ పద్ధతిని విడిచి, వివరములను స్వతంత్ర శాస్త్రజ్ఞుల పరిశీలనకు తెరచి ఉంచవలెనని నివేదిక చెప్పుట మెచ్చదగినది.

ప్రజలను గూర్చిన భాగము దీనికి ప్రాణము. పులుల రక్షితారణ్యములలో అప్పటికి సుమారు 1,500 గ్రామములుండెను. ముప్పది ఏండ్లలో తరలింపబడినవి ఎనుబది మాత్రమే. అందరిని ఖాళీ చేయించుట జరుగని పని. పగబట్టిన పల్లె నడుమ పులి బ్రతుకుట కల్ల. కేరళలోని పెరియార్‌లో ఒకప్పుడు అడవిని దోచినవారే గస్తీ తిరుగుచు, యాత్రికులకు దారి చూపుచు జీవించుట ఇందుకు నిదర్శనము.

సంఘ సభ్యుడైన వాల్మీక్ థాపర్ అసమ్మతిని విడిగా వ్రాసెను. పులికి, మనుష్యునికి ఒకే చోట పొసగదని ఆయన వాదము. దీనిని తేలికగా త్రోసివేయరాదు. పశువులు మేసిన చోట జింకలకు గడ్డి కరవగును. జింకలు తగ్గిన పులికి ఆహారము లేదు.

నాకు తోచిన కొరత వేరొకటి. ఈ నివేదిక ప్రజలకు ఆదాయములోను, కాపలాలోను భాగము కోరినంత గట్టిగా జ్ఞానములో భాగము కోరలేదు. నల్లమలలో చెంచులు కాపలాదారులుగా పనిచేయుచున్నారు. ఏ వాగు వెంట పులి నడచునో, ఏ కోతి అరుపునకు అర్థమేమో వారికి తెలియును. 2006 నుండి దేశవ్యాప్తముగా వాడుకలోనికి వచ్చిన కెమెరా పులి చారలను బట్టి దానిని గుర్తించును. మన వ్రేలిముద్రలవలె ఏ రెండు పులుల చారలు ఒకటి కావు. కాని ఆ కెమెరాను ఏ చెట్టుకు కట్టవలెనో చెప్పువాడు దారి నెరిగినవాడే. అతని మాటను కూడ పరీక్షింపవలెను. అయితే పరీక్షింపవలెనన్న ముందుగా దానిని అతని పేరుతో వ్రాసికొనవలెను గదా!

సరిస్కాకు 2008లో రణథంభోర్ నుండి పులులను తెచ్చి విడిచిరి. పులులను తేవచ్చును; పోయిన నమ్మకమును అంత సులభముగా తేజాలము. ఉపాధ్యాయులు ఈ నివేదికలోని రెండు వాదములను తరగతిలో చర్చింపజేసిన మేలు. ఆపైన ఊరి చెరువు పక్షులను విద్యార్థులచే లెక్కింపజేసి, ఆ లెక్కను పసుల కాపరికి వినిపింపవలెను. తప్పున్నచో అతడే దిద్దును.